పన్నెండో బల్ల

ఏరు పొంగి మా కాలేజీ కింది అంతస్తు నీళ్ళతో నిండిపోయిన వరద ఒకటి వచ్చింది. ఇది దాని మరుసటి ఏటి సంగతి. ఆ వరదలో డిసెక్షన్ హాలు తొట్లు మునిగి, వైద్యం చదివే పిల్లల కోసం ఇరవై ఏళ్ళుగా కూడబెట్టిన దేహాలన్నీ పాడైపోయాయి. నీళ్ళు తీశాక వాటిని శ్మశానానికి సాగనంపింది ఆ హాల్లో పనిచేసే నేనే. మళ్ళీ ఒక్కొక్కటే పోగుచేసుకుంటూ వచ్చాం. పదకొండు దగ్గర ఆగిపోయాం.

పన్నెండోది మా పెద్ద డాక్టరుగారు.

రెండు గదుల ఆస్పత్రితో మొదలుపెట్టి దాన్ని కాలేజీ చేసిందీ, కాలేజీ పక్కన పరిశోధనా భవనం లేపిందీ, యూనివర్సిటీ హోదా వచ్చేదాకా నిద్రపోనని పట్టుబట్టిందీ ఆయనే. దేహదానం పుస్తకంలో మొదటి సంతకం కూడా ఆయనదే. చివరికి ఒంట్లో కేన్సర్ ముదిరి, మా ఆస్పత్రిలోనే ప్రత్యేక గదిలో పడుకున్నారు. ఇంకో వారం, మహా అయితే రెండు వారాలు అన్నారు డాక్టర్లు. హోదా ఇచ్చే కమిటీ మధ్యాహ్నం రెండింటికి వస్తుందనగా ఆ పొద్దునే పోయారు. పదిమంది విద్యార్థులకొక దేహం ఉండాలని కమిటీ నియమం. నూట ఇరవై మందికి పన్నెండు. రెండింటికల్లా పన్నెండో బల్ల మీద ఆయన ఉన్నారు. హోదా వచ్చింది. గేటు మీద బోర్డు మారింది.

మూడో రోజున, రాత్రి డ్యూటీ చేసిన నర్సును పోలీసులు పట్టుకుపోయారు. నొప్పిమందు రెండు ఆంప్యూళ్ళు ఇవ్వమని రాస్తే, చెత్తబుట్టలో అయిదు ఖాళీ గాజుబుడ్లు దొరికాయి. ముసలాయన మూలుగుతుంటే నిద్ర పట్టక ఎక్కువ ఎక్కించి చంపేసిందన్నారు.

పదకొండో రోజున డిటెక్టివమ్మ మా హాలుకొచ్చింది.

యాభై ఏళ్ళుంటాయి. పొట్టి మనిషి. ఇరవై ఏళ్ళు పోలీసు శాఖలో చేసి, పైవాళ్ళతో పొసగక బయటికొచ్చిందట. నర్సు అన్నయ్య పిలిపించాడు. దేహాలు కుళ్ళకుండా ఎక్కించే ఫార్మలిన్ ఘాటుకి కొత్తవాళ్ళు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటారు. ఆమె పెట్టుకోలేదు. కళ్ళు నీళ్ళు కారుతుంటే కారనిచ్చింది.

"మూగతాత అంటే మీరేనా?"

"అంటారు."

"మాట వచ్చా?"

"వచ్చు."

"అమ్మయ్య, సగం పని అయింది. మిమ్మల్ని బాబాయ్ అంటాను, ఏమీ అనుకోకండి. పెద్ద డాక్టరుగారిని ఎన్నింటికి తెచ్చారు బాబాయ్?"

"పదీ ఇరవై."

"అంత కచ్చితంగా ఎలా తెలుసు?"

"పుస్తకంలో రాయాలి."

"ఫార్మలిన్ ఎక్కించడం మొదలుపెట్టింది?"

"పదీ ముప్పై అయిదు."

ఆమె దగ్గర కాగితం లేదు. పెన్నుతో ఎడం అరచేతిలో రాసుకుంటోంది. అప్పటికే అక్కడ ఆరు నలభై, ఏడు, తొమ్మిదీ నలభై అయిదు అని వరసగా ఉన్నాయి.

"పావుగంటలోనా! మామూలుగా ఎంతసేపు ఆగుతారు?"

"కాగితాలు సరిచూసేదాకా."

"ఎవరు చూస్తారు?"

"ఆఫీసు."

"ఆ రోజు ఎవరు చూశారు?"

"ఎవరూ చూళ్ళేదు."

"ఫార్మలిన్ ఎక్కాక ఒంట్లో ఏ మందు ఎంతుందో తేల్చలేమని పోలీసు డాక్టరు చేతులెత్తేశాడు. అది మీకు తెలుసా?"

"తెలుసు."

"ఆ పూట తెలుసా?"

ముప్పై నాలుగేళ్ళు ఇదే పని చేసిన చేతులు నావి. తెలియదంటే అబద్ధం. తెలుసంటే నేరం. ఊరుకున్నాను. నేను ఊరుకోవడం అందరికీ అలవాటే కాబట్టి ఎవరూ దాన్ని తప్పు పట్టరు. ఆమె మాత్రం నా ముఖంలోకి కాసేపు చూసి పన్నెండో బల్ల దగ్గరికి నడిచింది.

బల్ల చుట్టూ పోలీసులు తాడు కట్టి సీలు వేసి పోయారు. తాడు దాటకుండానే నడుం వంచి, పాదాల నుంచి మొదలుపెట్టి చూసుకుంటూ పైకొచ్చింది. తొడ దగ్గర ఫార్మలిన్ ఎక్కించడానికి నేను కోసి కుట్టిన చోటు చూసింది. చేతి గోళ్ళు చూసింది. నాకు ఆ బల్ల వైపు చూడటం కష్టంగా ఉంది. నేను పనిలో చేరిన కొత్తలో ఆయన నా చెయ్యి పట్టుకుని నేర్పారు: "ముందు నమస్కారం పెట్టు, తర్వాత సూది పెట్టు. మా పిల్లలకి మొదటి గురువులు వీళ్ళేరా." అప్పటి నుంచి ఒక్కసారి కూడా తప్పలేదు. ఆయన దగ్గరికొచ్చేసరికి తొందరలో నమస్కారం మర్చిపోయాను.

"ఒక అద్దం ఉందా బాబాయ్?"

గోడకున్న చేతి అద్దం తీసిచ్చాను. దాన్ని ఆయన గడ్డం కింద పెట్టి, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. కింద నుంచి రెండు చెవుల వెనక్కి, రెండు వేళ్ళ వెడల్పున చర్మం లోపలికి నొక్కుకుపోయి ఉంది.

"ఏం కట్టారు ఇక్కడ?"

"గుడ్డ."

"ఎందుకు?"

"మర్యాదకి."

"అందరికీ కడతారా?"

"కడతాను" అన్నాను.

ఆమె ఒకటో బల్ల దగ్గరికి వెళ్ళి గుడ్డ పక్కకి తీసి గడ్డం కింద అద్దం పెట్టింది. తర్వాత రెండోది. మూడోది. తొందరపడలేదు. ఏడో బల్ల దగ్గర ఉండగా తలుపు ధడాలున తెరుచుకుంది.

"ఇక్కడ సాక్షులందరూ మీ మాట బాగా వింటున్నట్టున్నారే మేడమ్! ఒక్కరూ ఎదురు చెప్పడం లేదు."

ఇన్‌స్పెక్టరు. ఆస్పత్రిలో అందరూ ఆయన్ని కంచుగొంతు అంటారు. నర్సును పట్టుకెళ్ళింది ఆయనే. ఒకప్పుడు ఈమె కింద పనిచేశాడట.

"ఎదురు చెబుతున్నారు. నీకు వినపడటం లేదంతే" అని ఆమె ఎనిమిదో బల్లకి వెళ్ళింది.

"సీలు వేసిన చోటికి రావడానికి ఎవరిచ్చారు పర్మిషను?"

"తాడు ముట్టుకోలేదు. సీలు ముట్టుకోలేదు. చూడటానికి పర్మిషనెందుకు? కళ్ళు నావేగా."

"అప్పుడు మీరు నాకు ఆఫీసరు. ఇప్పుడు మీరు పబ్లిక్. ఆ తేడా గుర్తుంచుకుంటే ఇద్దరికీ మంచిది."

"కేసు డైరీ రాయడం నేనే నేర్పాను నీకు. చూసింది రాయి, విన్నది రాయకు అని పదిసార్లు చెప్పాను. అదీ గుర్తుందా?" పన్నెండో బల్ల దగ్గరికి తిరిగొచ్చి అద్దం అతని చేతిలో పెట్టింది. "పదకొండుమందికీ లేని గుర్తు ఈయనొక్కడికే ఉంది. చూడు."

అతను చూశాడు. నవ్వాడు. "గుడ్డ కట్టాడు. అయితే? పన్నునొప్పొస్తే మా మేనత్త కూడా కట్టుకుంటుంది."

"మీ మేనత్త దవడ కదులుతుంది కాబట్టి కట్టుకుంటుంది. మనిషి పోయాక ముందు బిగిసేది దవడే. ఇలాంటి బక్క ముసలి ఒళ్ళయితే రెండు గంటలకే బిగియడం మొదలై మూడు గంటల్లో రాయైపోతుంది. గట్టిపడ్డ సిమెంటుకి ఎవడైనా చెక్కలు కడతాడా? మిగతా పదకొండుమంది మార్చురీ నుంచి బిగిసిపోయి వచ్చినవాళ్ళు. అందుకే వాళ్ళకి కట్టలేదు. ఈయన నోరు తెరుచుకుపోతుంటే కట్టాల్సొచ్చింది. అంటే పదీ ఇరవైకి దవడ ఇంకా వదులుగానే ఉంది. మరి నీ కాగితంలో చనిపోయింది ఎన్నింటికి?"

"ఆరు నలభై."

"ఆరు నలభైకి పోయినవాడి దవడ పదీ ఇరవైకి వదులుగా ఉండదు. ఆయన పోయింది ఎనిమిది దాటాకే. ఆ పిల్ల డ్యూటీ దిగిందేమో ఏడింటికి. అయిదు ఆంప్యూళ్ళు ఒక్కసారి ఎక్కిన మనిషి గంటసేపు బతకడు. దిగేటప్పుడు కిటికీ తెరవమని ఆయన తనతో అన్నారని మొత్తుకుంటూనే ఉంది."

నా చేత్తో ఎక్కించిన ఫార్మలిన్ మందు జాడను తుడిచేసింది. అదే ఫార్మలిన్ నేను కట్టిన గుడ్డ నొక్కును ఎప్పటికీ పోకుండా నిలబెట్టింది. విద్యార్థులు చూసే బల్ల మీద ఆయన నోరు తెరుచుకుని ఉండకూడదనిపించి కట్టాను. అంతకు మించి ఆ పూట నేను ఆయనకి చేసిన మంచి ఏదీ లేదు.

ఇన్‌స్పెక్టరు అద్దం గోడకి తగిలించాడు. ఇందాకటి నవ్వు లేదు కానీ గొంతు తగ్గలేదు.

"ఏసీ గది. చల్లదనానికి ఆలస్యంగా బిగుస్తుందంటాడు ప్రభుత్వ వకీలు. ఈ గుడ్డ పట్టుకుని కోర్టుకెళ్తే జడ్జిగారు దాంతో కళ్ళజోడు తుడుచుకుంటారు. ముట్టుకున్న మనిషి కావాలి మేడమ్. నా చేత్తో ముట్టుకున్నాను, వదులుగా ఉంది అని చెప్పే మనిషిని తెండి. ఆ పిల్లని నేనే జీపెక్కించి ఇంటి దగ్గర దింపుతాను."

ఇద్దరూ నావైపు తిరిగారు.

"ఏం ముసలాయనా, వదులుగా ఉందా?"

కుళాయి ఒకటి కారుతోంది. అటు వెళ్ళి కట్టేశాను.

"గుర్తులేదు" అన్నాను.

"చూశారా!" అని ఇన్‌స్పెక్టరు టోపీ పెట్టుకున్నాడు. "రేపు పదకొండింటికి కోర్టు. అక్కణ్ణుంచి పెద్ద జైలు. ఈలోగా ఇంకేమైనా గుడ్డపేలికలు దొరికితే కబురంపండి."

అతని బూట్ల చప్పుడు మెట్ల మీద తగ్గాక ఆమె నా స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఆ పిల్లకి నాలుగు నెలల పాప ఉంది బాబాయ్. వాళ్ళమ్మ పూటపూటకీ స్టేషన్‌కి తీసుకొస్తే కటకటాల వెనకే పాలిస్తోంది. పెద్ద జైలు నూట నలభై కిలోమీటర్లు." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఫార్మలిన్ వల్లో మరి దేనివల్లో. "ఆ పుస్తకం ఒకసారి ఇవ్వండి."

దేహాలు వచ్చినప్పుడు రాసే పుస్తకం ఇచ్చాను. వేలు పెట్టుకుంటూ చివరి వరస దాకా వెళ్ళింది.

"తీసుకొచ్చినవారు. ఈ సంతకం ఎవరిది?"

"వార్డు టెక్నీషియన్‌ది."

"పొద్దున ఏడింటికి ఆ గదిలో డ్యూటీ ఎక్కిందీ ఈయనే. తొమ్మిదీ నలభై అయిదుకి డాక్టరు వస్తే, నేను వచ్చేసరికే కదల్లేదండీ, నిద్రనుకున్నాను అని చెప్పిందీ ఈయనే. కమిటీ వచ్చే హడావుడి. ఆ కుర్ర డాక్టరు దుప్పటి కింద వెచ్చగా ఉంటే అది దుప్పటి వెచ్చదనం అనుకున్నాడట. ఈయన మాట విని, నర్సు చార్టులో ఆఖరి వరస చూసి, ఆరు నలభై అని రాసేశాడు." పుస్తకం మూసింది. "ఈయన మీకేమవుతారు?"

చెప్పకపోతే బాగుండు. కానీ ఆ మాత్రం అబద్ధం కూడా నా దగ్గర మిగల్లేదు.

"అల్లుడు."

"తెలుసు. మీరు చెబుతారో లేదో చూద్దామని అడిగాను." లేచి తలుపు దాకా వెళ్ళి ఆగింది. "నేను మిమ్మల్ని బలవంతం చెయ్యను బాబాయ్. బలవంతంగా చెప్పిన సాక్ష్యం కోర్టులో నిలబడదు. నా దగ్గరున్నది గుడ్డ నొక్కొక్కటే."

ఆ పొద్దున జరిగింది ఇదీ. స్ట్రెచరు తోసుకొచ్చింది అల్లుడు. ఒళ్ళు బల్ల మీదికి మార్చేటప్పుడు నా చెయ్యి ఆయన చంకలోకి వెళ్ళింది. వెచ్చగా ఉంది. దవడ పట్టుకుంటే నా వేళ్ళతో పాటు కదిలింది. కాగితంలో ఆరు నలభై అని ఉంది. నేను అల్లుడి ముఖంలోకి చూశాను. అతను గోడ గడియారం వంక చూశాడు. "తొందరగా కానివ్వండి మావయ్యా, రెండింటికి వాళ్ళొస్తారు" అన్నాడు. నేను సూది తీశాను.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అల్లుడు మెట్ల మీద కూర్చుని బూట్లకి పాలిష్ వేసుకుంటున్నాడు. తొమ్మిదేళ్ళు కాంట్రాక్టు మీద చేశాడు. కాలేజీ యూనివర్సిటీ అయితే కాంట్రాక్టు వాళ్ళందరినీ పర్మనెంటు చేస్తామన్నారు, చేశారు. ఆ ఆర్డరు కాగితాన్ని అమ్మాయి పటం కట్టించి ముందు గదిలో పెట్టింది.

"డిటెక్టివ్ వచ్చిందటగా మావయ్యా?"

"వచ్చింది."

"ఏమడిగింది?"

"దవడ సంగతి."

అతని చేతిలో బ్రష్ ఆగిపోయింది. వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "మీరేమన్నారు?"

"గుర్తులేదన్నాను."

"మంచిపని చేశారు." మళ్ళీ బ్రష్ ఆడించాడు.

పదకొండు రోజులుగా అడగని మాట అప్పుడు అడిగాను. "ఎందుకు చేశావు?"

అతను వింతగా చూశాడు. నేను హాస్యమాడుతున్నాననుకున్నట్టు.

"మీరన్నారుగా."

"నేనా?"

"ముందు రోజు, భోజనాల దగ్గర. అంతా రెడీయేనా మావయ్యా అనడిగాను. ఒకటి తక్కువుంది, పెద్దాయన రేపటికి పోతే సరిపోను అన్నారు. ఏడాదికో మాట మాట్లాడే మనిషి మీరు. మీరు నోరు తెరిచారంటే ఊరికే తెరవరనుకున్నాను. తెల్లవార్లూ ఆలోచించాను. ఆయన ఎలాగూ పోతారు. ఆయన కట్టుకున్న యూనివర్సిటీ ఆయన చేతుల్లోనే పోకూడదు కదా. ఈసారి తప్పితే కమిటీ మళ్ళీ రెండేళ్ళకి గానీ రాదు. తొమ్మిదింటికి మూడు ఆంప్యూళ్ళు ఎక్కించాను. నిద్రలోనే పోయారు మావయ్యా, నొప్పి కూడా తెలీలేదు. మీకు తెలుసనే అనుకున్నాను. స్ట్రెచరు తెస్తే ఒక్క మాట కూడా అడక్కుండా పని మొదలుపెట్టారు కదా!"

అన్నాను. నిజమే. వాన పడితే చెరువు నిండును అన్నట్టు అన్నాను. ఎవరినీ ఉద్దేశించి కాదు, కంచం ముందు కూర్చుని, బల్లలు లెక్కపెట్టుకుంటూ. అరవై ఎనిమిదేళ్ళలో అనవసరమైన మాట ఒక్కటీ అనలేదని నా గురించి జనం చెప్పుకుంటారు. నేనూ లోలోపల గర్వపడేవాణ్ణి.

"ఆ పిల్లో?" అన్నాను.

"ఏమవుతుంది? రుజువు లేదు. కొన్నాళ్ళకి వదిలేస్తారు."

"పాప ఉంది."

"మనకీ ఉంది కదా." లోపలినుంచి నా మనవరాలు ఎక్కాలు అప్పజెబుతున్న గొంతు వినిపిస్తోంది. అతను బూట్లు పక్కన పెట్టి దగ్గరికి జరిగాడు. గొంతులో మర్యాద ఏమీ తగ్గలేదు. "మీరు నోరు విప్పితే పోయేది నేనొక్కణ్ణే కాదు మావయ్యా. రుజువు చెరిపిన చేతులు మీవి. అల్లుడూ లోపలే, మావగారూ లోపలే. మీ అమ్మాయి ఎవరికి క్యారేజీ తీసుకురావాలో మీరే చెప్పండి."

ఆ రాత్రి గురించి చెప్పడానికేమీ లేదు. నిద్ర రాలేదు.

మర్నాడు ఆరున్నరకి అల్లుడు డ్యూటీకెళ్ళాడు. అమ్మాయి పెరట్లో బట్టలు పిండుతోంది. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. దానికి చెప్పకుండా ఇల్లు దాటితే ఎవరో వచ్చి చెబుతారు. అది నా నోటితోనే వినాలి. చంక వెచ్చగా ఉందన్నాను. ఎవరు ఎక్కించారో చెప్పాను. నేను భోజనం దగ్గర అన్న మాట చెప్పాను. ఎక్కడికి వెళ్తున్నానో చెప్పాను.

అది చాలాసేపు అదే చొక్కా పిండుతూ నిలబడింది. నీళ్ళు ఎప్పుడో ఆగిపోయాయి.

"అన్నీ నీ కడుపులోనే దాచుకునేవాడివి కదా నాన్నా" అంది. "ఇదొక్కటి దాచుకోలేకపోయావా?"

"లేదమ్మా."

"ఏది దాచుకోవాల్సింది, అప్పటి మాటా? ఇప్పటి మాటా?"

అని అడిగి అమ్మాయి చొక్కా తీగ మీద ఆరేసి లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.

ఎనిమిదింటికి స్టేషన్ మెట్లెక్కాను. డిటెక్టివమ్మ వరండా బల్ల మీద ఉంది. నన్ను చూసి లేవలేదు, పలకరించలేదు. పక్కకి జరిగి దారిచ్చింది. లోపల ఎక్కడో పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. కంచుగొంతు ఎదురుగా కుర్చీ చూపించాడు. కూర్చోలేదు.

"వదులుగా ఉంది" అన్నాను. "రాసుకోండి."

అతను కాగితం తీశాడు. చెప్పడం మొదలుపెట్టాను. దవడ, చంక, గడియారం, అల్లుడు, సూది. అంతా రాసుకుని తలెత్తాడు.

"తెలిసీ ఫార్మలిన్ ఎక్కించావు. తెలిసీ నోరు మూసుకున్నావు. దీనికి సెక్షనుంది ముసలాయనా. నిన్ను కూడా లోపలెయ్యాలి."

"వెయ్యండి. ఇంకోటుంది, అదీ రాయండి" అని భోజనం దగ్గరి మాట చెప్పాను.

పెన్ను ఆపాడు. "అలా అన్నందుకు సెక్షనేదీ లేదే."

"అయినా రాయండి."

రాశాడు. తర్వాత మొదటి నుంచి పైకి చదివి వినిపించాడు. 'పది గంటల ఇరవై నిమిషాలకు శరీరం సుమారుగా వెచ్చగా ఉన్నట్లు అనిపించినది' అన్న చోట చెయ్యెత్తి ఆపాను.

"సుమారుగా కాదు. అనిపించడమూ కాదు. వెచ్చగా ఉంది" అన్నాను. అతను ఆ రెండు మాటలూ కొట్టేసి పక్కన తన పొడి సంతకం పెట్టి, పెన్ను నా చేతికిచ్చాడు.